లౌడన్‌తో ఆఖరి ఆట

కార్వెల్, కాన్సాస్
2023 జూన్ 11

తమ్ముడు రాయిస్‌కి,

మొన్న ఫోన్ మోగితే ఎత్తాను. చెవిలో వినికిడి యంత్రం కీచుమంది, పెట్టేశాను. కారు బీమా వాళ్ళనుకున్నాను. తర్వాత నువ్వు పక్కింటి జొయాన్‌కి చేసి, మా అక్క బతికే ఉందా అని అడిగావట. బతికే ఉన్నాను. ఇకనుంచి ఉత్తరం రాయి. ఉత్తరంలో నువ్వు ఎంత మెల్లగా మాట్లాడినా నాకు వినిపిస్తుంది.

వచ్చే వారం గోధుమ కోతలు. ఈసారి పైరు మోకాలెత్తు కూడా రాలేదు. వాన లేదు కానీ గాలికి లోటు లేదు. నా టమాటా మొక్కలకి పాత దుప్పటి అడ్డం కట్టాను. పిల్లి దాన్ని తనకోసం వేసిన ఉయ్యాల అనుకుంటోంది.

అసలు సంగతికి వస్తాను. కొట్లో మాంసం కోసే గ్యారీ అడిగాడు, మీ తమ్ముడు మన కాలేజీని ప్లెయిన్స్ లీగులోంచి పీకేస్తున్నాడటగా అని. నాకేం తెలుసన్నాను. ఆదివారం చర్చి దగ్గరా అదే మాట. నువ్వు కాలేజీ పాలకమండలిలో ఉన్నావు కాబట్టి ఆ నిర్ణయం నా వంటింట్లోనే ఉడుకుతున్నట్టు అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. కార్వెల్ వెళ్ళి ఆ కాంటినెంటల్ లీగులో చేరుతుందట. రెండు సముద్రాల ఒడ్డునా ఉన్న కాలేజీలతో ఆడుతుందట. ఏటా లౌడన్ కాలేజీతో ఆడే ఆట ఇక ఉండదట.

ఏ లీగులో ఉంటే నాకేం. కానీ లౌడన్‌తో ఆట పోనివ్వకు. ఆ మాట అడిగే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. మన డెల్మర్ ఆఖరిసారి ఆడింది ఆ ఆటే.

మరదలు నెడీన్‌ని అడిగానని చెప్పు.

నీ అక్క,
వెర్నా


డెన్వర్
2023 జూన్ 24

అక్కకి,

నువ్వు ఫోన్ పెట్టేసిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. నెడీన్ పొట్టపట్టుకుని నవ్వింది.

గ్యారీకి నువ్వేమీ చెప్పకు. నేను రాసేది నీ వరకే ఉంచు. మన లీగులో ఎనిమిది కాలేజీలుండేవి. నిరుడు రెండు వెళ్ళిపోయాయి. ఇంకో రెండు సామాన్లు సర్దుకుని, పైకి మాత్రం మేమెక్కడికీ వెళ్ళం అని ప్రమాణాలు చేస్తున్నాయి. ప్రతి సమావేశంలోనూ అందరం చేతులు పట్టుకుని ఐకమత్యం గురించి మాట్లాడుకుంటాం. బయటికొచ్చి ఎవరి కార్లో వాళ్ళు కూర్చుని వేరే లీగులకి ఫోన్లు చేసుకుంటాం. లౌడన్ వాళ్ళూ చేశారు, వాళ్ళని ఎవరూ పిలవలేదు. మనల్ని పిలిచారు. ఈ బస్సు ఎక్కకపోతే స్టాండులో పడుకోవాల్సిందే. టీవీ వాళ్ళు మన ఆటలు చూపించడం మానేస్తే పిల్లలు చేరడం మానేస్తారు. పిల్లలు చేరకపోతే కార్వెల్ అనే ఊరు నీకూ, జొయాన్‌కీ, ఆ పిల్లికీ మిగులుతుంది.

అయినా నీకు ఫుట్‌బాల్ ఎప్పటినుంచి? బంతి ఎవరి చేతిలో ఉందో కూడా నీకు తెలియదు కదా. కొత్త లీగు ఆటలకి మంచి సీట్లు ఇప్పిస్తాను. పాలకమండలి వాళ్ళు కూర్చునే అద్దాల గదిలో కూర్చోబెడతాను, గాలి ఉండదు.

ఇంకో మాట. ఏమీ అనుకోకు. ఆ ఆట డెల్మర్ అన్నని తీసుకుపోయింది. నువ్వు అది మన ఊళ్ళో జరిగే ప్రతి నవంబరులోనూ శవయాత్రకి వెళ్ళినట్టు వెళ్ళొస్తావు. వచ్చాక వారం రోజులు ఎవరితోనూ మాట్లాడవు. అది ఆగిపోతే నీకు మంచిదే అని నేను లోలోపల సంతోషపడుతున్నాను.

రాయిస్


కార్వెల్
2023 జూలై 5

రాయిస్‌కి,

నా మంచి నువ్వు డెన్వర్‌లో కూర్చుని నిర్ణయించేశావన్నమాట. సంతోషం.

నిన్న జూలై నాలుగు బాణసంచాకి పిల్లి మంచం కింద దూరి ఇంకా బయటికి రాలేదు. నాకు చెవులు పనిచేయకపోవడం ఒక్కోసారి వరమే.

నేను శవయాత్రకి వెళ్ళడం లేదు. డెల్మర్‌ని పాతిపెట్టిన చోటు నాకు తెలుసు, అక్కడికి వెళ్ళాలనుకుంటే అక్కడికే వెళతాను. ఆటకి వెళ్ళేది వేరే పని మీద. లౌడన్ నుంచి ఒకాయన వస్తారు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. మన మైదానంలో ఆట ఉన్న ఏడాది తప్పకుండా వస్తారు, అంటే ఏడాది విడిచి ఏడాది. ఆట లేకపోతే ఆయన కార్వెల్ రావడానికి కారణమే ఉండదు. ఇంతకంటే రాయలేను. ఓటు వేసేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకో.

అద్దాల గది నాకొద్దు.

వెర్నా


డెన్వర్
2023 జూలై 19

అక్కా,

నీ ఉత్తరం నెడీన్‌కి చదివి వినిపించాను. తప్పే, కానీ చదవకుండా ఉండలేకపోయాను. లౌడన్ నుంచి ఒకాయన! ఎన్నేళ్ళుగా సాగుతోందిది? డెబ్బై నాలుగేళ్ళ మా అక్క శత్రు శిబిరంలోంచి మనిషిని పట్టిందని తెలిస్తే ఊళ్ళో గ్యారీకి గుండె ఆగుతుంది. ఆయన భార్య పోయారా? కారు తోలగలడా? నెడీన్ అడగమంది: జుట్టుందా?

అక్కా, అంత దూరం వచ్చే మనిషికి ఆట ఒక సాకే కదా. సాకు లేకపోయినా వస్తాడు. రమ్మని నువ్వు పిలవాలి, అంతే. మొహమాటపడితే ఫోన్ నెంబరివ్వు, నేను పిలుస్తాను.

ఆగస్టు మొదటి శుక్రవారం ఓటు. నా మనసు మారలేదు. ఎవరి ప్రేమ కోసమో కాలేజీని ముంచమంటే మిగతా సభ్యులు ఒప్పుకోరు. కాస్త నవ్వు.

రాయిస్


కార్వెల్
2023 జూలై 26

రాయిస్‌కి,

నవ్వలేదు. నీ మీద కోపం కూడా లేదు. చెప్పకపోవడం వల్లే నువ్వలా అనుకున్నావు. ఈ ఉత్తరం మాత్రం నెడీన్‌కి చదివి వినిపించకు.

ఆయన పేరు ఎమెట్ ప్రూయిట్.

ఇక్కడ నువ్వు కాగితం కింద పడేసి ఉంటావు. తీసి మిగతాది చదువు.

డెల్మర్ పోయినప్పుడు నీకు పదిహేనేళ్ళు. ప్రూయిట్ అనే పేరు మనింట్లో ఎవరూ పలకకుండా అమ్మ చూసుకుంది. డెల్మర్ గాల్లోకి ఎగిరి బంతి అందుకున్నాడు, నేలమీద కాలు ఆనకముందే ఎమెట్ వచ్చి గుద్దాడు. మెడ విరిగింది. అది ఆట నియమాల ప్రకారం సరైన దెబ్బేనని రెఫరీలన్నారు, పేపర్లన్నాయి. డెల్మర్ మళ్ళీ లేవలేదు.

రెండేళ్ళ తర్వాత లౌడన్ వాళ్ళు మళ్ళీ మన మైదానానికి వచ్చినప్పుడు, అమ్మకి చెప్పకుండా వెళ్ళాను. మన వైపు గ్యాలరీలో, పైవరసలో, ఏ రంగూ లేని కోటు వేసుకుని ఒక కుర్రాడు ఒంటరిగా కూర్చున్నాడు. జనమంతా బంతి వెంట తలలు తిప్పుతున్నారు. అతని తల తిరగడం లేదు. అతను చూస్తున్న చోటు నాకు తెలుసు. పేపర్లో ఫోటో పడింది కాబట్టి మనిషినీ గుర్తుపట్టాను. తిట్టడానికే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“నేను డెల్మర్ అక్కని,” అన్నాను.

అతను నావైపు తిరగలేదు. “ఇంకా అక్కడే పడున్నాడండీ,” అన్నాడు. “ఎవరూ తీయడం లేదు. అతని మీంచే పరిగెడుతున్నారు.”

నాకేమీ కనిపించలేదు, గడ్డి తప్ప. కానీ ఆ గొంతు విన్నాక తిట్టలేకపోయాను రాయిస్. ఆట అయిపోయేదాకా కూర్చున్నాను. అప్పటినుంచీ కూర్చుంటూనే ఉన్నాను.

మన పచ్చరంగూ, వాళ్ళ ఎర్రరంగూ ఒకేసారి మన మైదానంలో ఉంటేనే ఎమెట్‌కి డెల్మర్ కనిపిస్తాడు. లౌడన్‌లో కనిపించడు. వేరే జట్లు ఆడితే కనిపించడు. చాలా ఏళ్ళు పడుకునే ఉన్నాడు. అమ్మ పోయిన ఏడాది మోచేతి మీద లేచాడు. తర్వాతెప్పుడో కూర్చున్నాడు. గడ్డి పీకేసి ప్లాస్టిక్ పచ్చిక పరిచినప్పుడు నేను భయపడ్డాను, ఆయన కూడా. కానీ ఉన్నాడు. నాకు అరవై దాటాక నిలబడ్డాడు. ఇప్పుడు నడుస్తున్నాడు. ఆటకి కొన్ని అడుగులు. మన వాళ్ళ బెంచీ వైపు, హెల్మెట్ చేత్తో పట్టుకుని. ఇంకా ఇరవై ఏళ్ళ కుర్రాడేనట. జుట్టు చెమటకి తడిసి ఉందట.

నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. దెబ్బ కొట్టినవాడికి కనిపిస్తాడు, అక్కకి కనిపించడు. దాని గురించి ఏడవడం ఎప్పుడో మానేశాను. పక్కన కూర్చుని, ఇప్పుడెక్కడున్నాడు అని అడుగుతాను. ఆయన చెబుతారు.

మొన్నటి ఆటకి తెల్లగీత దగ్గరికి వచ్చేశాడు. ఇప్పుడు మీరందరూ కలిసి ఆట ఎత్తేస్తే, మనవాడు మైదానం మధ్యలో ఆగిపోతాడు. వద్దని ఓటు వెయ్యి.

అక్క


డెన్వర్
2023 ఆగస్టు 9

అక్కకి,

ఓటు అయిపోయింది. అందరం వెళ్ళడానికే వేశాం, నేను కూడా. వచ్చే ఏడాది నుంచి కార్వెల్ కాంటినెంటల్ లీగులో ఆడుతుంది. నీకు పేపర్లో తెలిసేకంటే నేను చెప్పడం మర్యాద.

వాడు ఇన్నేళ్ళుగా నీ పక్కన కూర్చుని కథ చెబుతున్నాడు. మనవాణ్ణి చంపింది చాలక, ఏడాది విడిచి ఏడాది నిన్ను పిలిపించుకుని, ఇదిగో కూర్చున్నాడు, ఇదిగో నిలబడ్డాడు అంటున్నాడు. వాడి మనసు తేలిక చేసుకోవడానికి నిన్ను వాడుకున్నాడు. లాయరుగా కోర్టులో ఇలాంటి మనుషుల్ని చాలామందిని చూశాను. వాడి గురించి నాకింకేమీ రాయకు.

రాయిస్


కార్వెల్
2023 సెప్టెంబర్ 3

రాయిస్‌కి,

నువ్వు పేపర్ చూశావో లేదో. మనం లీగు వదిలి పోతున్నందుకు లౌడన్ వాళ్ళు రగిలిపోతున్నారు. నవంబరు ఆటకి కార్వెల్ రామని ప్రకటించారు. ఆడకుండానే ఓడిపోయినట్టు రాసుకోండి, మీ గడప తొక్కం అన్నారు. మన కాలేజీ అధ్యక్షుడు వాళ్ళ మీద దావా వేస్తానంటున్నాడు. గ్యారీ కొట్లో లౌడన్ ఊరి సాసేజీలు అమ్మడం మానేశాడు.

నిన్ను నమ్మమని నేనడగలేదు. డెల్మర్‌కి తెలుసు నేనెక్కడ కూర్చుంటానో. అది చాలనుకున్నాను.

నిన్ను ఇక ఏమీ అడగను. టమాటాలు బాగా కాశాయి. సీసాల్లో పెడుతున్నాను. నీకు రెండు డబ్బాలు పంపిస్తాను.

వెర్నా


డెన్వర్
2023 అక్టోబర్ 15

అక్కా,

డబ్బాలు చేరాయి. ఒక సీసా పగిలి నీ ఉత్తరాల మీద కారింది. పగిలినా బాగుంది రుచి.

ఇక ఏమీ అడగను అన్నావే, ఆ మాట నన్ను చాలా రోజులు తొలిచేసింది. చిన్నప్పుడు కూడా నువ్వు తిట్టినప్పుడు భయం వేసేది కాదు, ఊరుకున్నప్పుడు వేసేది.

నేను లౌడన్ వెళ్ళొచ్చాను. పైకి చెప్పిన కారణం, పాలకమండలి తరఫున వాళ్ళని బుజ్జగించడం. వాళ్ళు కాఫీ ఇచ్చారు, కుదరదన్నారు. వాళ్ళ క్రీడల అధికారి నన్ను తలుపుదాకా సాగనంపుతూ, వంద చిల్లర సంవత్సరాల స్నేహాన్ని టీవీ వాళ్ళకి అమ్ముకుని ఇప్పుడు ఆఖరి విందుకి పిలుస్తారా అన్నాడు.

అసలు కారణం వేరు. ప్రూయిట్ ఇంటికి వెళ్ళి, మా అక్క జోలికి రాకు అని మొహం మీద చెప్పాలనుకున్నాను. ఊరి చివర చిన్న ఇల్లు. షెడ్డులో గడ్డికోత యంత్రం విప్పి కూర్చున్నాడు. చేతులనిండా నూనె. ఎన్నో ఏళ్ళుగా నా ఊహలో ఉన్నది ఎద్దులాంటి మనిషి. ఇక్కడ ముందుకి వంగిపోయిన ముసలాయన. నా పేరు చెప్పాను. లేచి నిలబడడానికి కొంచెం సేపు పట్టింది. చేతులు తుడుచుకున్నాడు కానీ చెయ్యి చాపలేదు. చాపితే నేను పట్టుకోనని తెలుసు.

అనాలనుకున్నవన్నీ అన్నాను. ఒక్కమాటకీ అడ్డు రాలేదు.

“మీరు వద్దంటే రాను,” అన్నాడు చివరికి. “కానీ అతనెక్కడున్నాడో మీ అక్కగారికి ఇకనుంచి మీరే చెప్పాలి.”

నేను ఏం చెప్పగలను అక్కా? నేనే అడిగాను, నీకు నిజంగా కనిపిస్తాడా అని. కనిపించకుండా ఉంటే బాగుండుననే మొదటి పదేళ్ళూ ప్రార్థన చేశానన్నాడు. తర్వాత ఆ ప్రార్థన మానేశాడట, ఎందుకంటే కుర్రవాడు ఒంటరిగా ఉంటాడు కదా అని.

కథ చెప్పే మనిషి అలా చెప్పడు. నమ్మానని కాదు. అబద్ధం కాదని మాత్రం అనిపించింది. ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉన్నాను.

ఆ వారమే వాళ్ళ ఊళ్ళో పాత ఆటగాళ్ళ సమావేశం జరిగింది. ఆట ఆడాలా వద్దా అని. నేను వెనక వరసలో కూర్చున్నాను, ఎవరూ వెళ్ళగొట్టలేదు. అందరూ అరిచాక ఎమెట్ లేచారు. ఆ ఊళ్ళో ఆయన డెల్మర్ పోయిన ఆట గురించి ఇంతవరకూ ఒక్కసారి కూడా నోరు విప్పలేదట.

“వాళ్ళు మనకేం చేశారో నాకు తెలుసు,” అన్నారు. “వాళ్ళకి నేనేం చేశానో మీకు తెలుసు. నాకు అక్కడ ఒక పని మిగిలిపోయింది. ఒక్కసారి వెళ్ళనివ్వండి.”

కూర్చున్నారు. ఏం పని అని ఎవరూ అడగలేదు. వస్తామని వాళ్ళ అధ్యక్షుడు మర్నాడు మాకు కబురు చేశాడు.

ఈ ఉత్తరం నెడీన్ చదివింది. తనే పోస్టు చేస్తానంది, నేను చించేస్తానేమోనని.

రాయిస్


కార్వెల్
2023 అక్టోబర్ 22

ఒరే రాయిస్,

నువ్వు నమ్మావు. నమ్మలేదని రాశావు కానీ నమ్మావు. నాకంతే చాలు.

ఆటకి నువ్వు రావాలి. అద్దాల గదిలో కాదు, మాతోపాటు గ్యాలరీలో. మందపాటి సాక్సులు వేసుకో. ఆ బెంచీల చలి నేరుగా ఎముకల్లోకి ఎక్కుతుంది. నేను క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు చేసి గుడ్డలో చుట్టి తెస్తాను. ఎమెట్‌కి ఆవపిండి ముద్ద లేకుండా చేయాలి, కడుపులో మంట ఆయనకి.

నువ్వు కుడిపక్కన కూర్చో. ఎడమ చెవి నాకు బొత్తిగా పోయింది.

వాడు ఈసారి గీత దాటతాడని నా మనసు చెబుతోంది. దాటితే ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. ఇన్నేళ్ళు ఎదురుచూశాను గానీ అదొక్కటీ ఆలోచించలేదు.

అక్క


డెన్వర్
2023 నవంబర్ 26

అక్కా,

చెప్పకుండా వెళ్ళిపోయానని నీకు కోపం వచ్చి ఉంటుంది. ఆట అవగానే కారెక్కి, నీకు చెయ్యి కూడా ఊపకుండా బయల్దేరాను. దారిలో హేస్ దగ్గర పెట్రోలు బంకులో ఆగి చాలాసేపు కూర్చున్నాను. నీ వంటింట్లో నీ ఎదురుగా కూర్చుని ఇది చెప్పలేనని తెలుసు. నీకు వినిపించేలా అరవాలి. ఇది అరిచే మాట కాదు. అందుకని రాస్తున్నాను.

మోకాళ్ళ వల్ల నువ్వు పైనే ఉండిపోయావు. కింద కమ్మీ దగ్గర ఎమెట్, నేనూ ఏం చేశామో నీకు తెలియదు. ఆయన తాగి వాంతి చేసుకుంటున్నాడనుకుని కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు, అది నువ్వూ చూసే ఉంటావు.

ఆటలో మూడో భాగం మొదలైనప్పుడు నువ్వడిగావు, ఎక్కడున్నాడు అని. ఎమెట్ జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం అదే మొదటిసారని నీ మొహం చూస్తే తెలిసింది. ఆయన లేచి మెట్లు దిగడం మొదలుపెట్టారు. పడిపోతారేమోనని నేను వెనకాల వెళ్ళాను. అంతకంటే వేరే ఉద్దేశం లేదు నాకు.

కింది వరస ముందు ఇనుప కమ్మీ ఉంది కదా. దానికవతల మైదానం మనిషి ఎత్తు కింద ఉంటుంది. ఎమెట్ కమ్మీ మీద పొట్ట ఆనించి వంగారు. మన జట్టు కుర్రాళ్ళు కొంచెం అవతల ఉన్నారు. మాకు సరిగ్గా కింద ఎవరూ లేరు. ఖాళీ నేల, దానిమీద ఎవరో తాగి పడేసిన కాగితం కప్పు. ఆయన చెయ్యి కిందికి చాపారు. పూర్తిగా చాపారు, కాళ్ళు నేలమీంచి లేచేంత. నేను ఆయన కోటు వెనక నడుంపట్టీ పట్టుకున్నాను.

“డెల్మర్,” అన్నారు. “ఇలా రా.”

మనింట్లో ఆ పేరు అంత మెత్తగా ఎవరూ పిలవలేదు. అమ్మ కూడా కేకేసి పిలిచేది.

అప్పుడు బరువు వచ్చింది.

అక్కా, నేను జాగ్రత్తగా రాస్తాను. నాకేమీ కనిపించలేదు. ప్రమాణం చేయించి అడిగినా అదే చెబుతాను. ఖాళీ నేల, కాగితం కప్పు, అంతే. కానీ ఎమెట్ బక్కచిక్కిన మనిషి. ఆయన బరువు నా చేతికి అప్పటికే తెలిసింది, వంగిన క్షణం నుంచీ పట్టుకునే ఉన్నాను కదా. దానిమీద ఇంకో బరువు పడింది. కుర్రవాడి బరువు, హెల్మెట్ పట్టుకుని, భుజాల కవచాలు వేసుకున్న కుర్రవాడి బరువు. గోడ ఎక్కేవాడు కిందినుంచి మన చెయ్యి అందుకుని లాగితే ఎలా లాగుతాడో అలా. నా భుజం కలుక్కుమంది. కమ్మీకి మోకాలు తన్నిపెట్టి, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను. వదిలేద్దామని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అరిచానని కాపలా మనిషి అన్నాడు. ఏమని అరిచానో నాకు తెలియదు.

తర్వాత తేలికైపోయింది. ఇద్దరం మెట్టు మీద కూలబడ్డాం. ఎమెట్ నన్ను చూడలేదు. నా పక్కనుంచి, మెట్ల పైకి చూశారు. ఆయన తల మెల్లగా తిరిగింది, ఎవరో మెట్లెక్కి వెళుతుంటే చూస్తున్నట్టు. నువ్వు కూర్చున్న వైపు. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నారు.

మనం ఓడిపోయామని కూడా దారిలో రేడియోలో వింటేనే తెలిసింది.

భుజం ఇంకా వాచే ఉంది. ఎలా జరిగిందని డాక్టరు అడిగితే బరువెత్తానన్నాను. దేన్ని అనడిగాడు. మా అన్నని అనబోయి ఊరుకున్నాను.

నీకేమైనా అనిపించిందా? నీ పక్కనుంచి ఎవరైనా వెళ్ళినట్టు? రాయి. రాయకపోయినా ఫరవాలేదు.

నీ తమ్ముడు


కార్వెల్
2024 సెప్టెంబర్ 15

రాయిస్‌కి,

నీ నవంబరు ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. మధ్యలో క్రిస్మస్ కార్డులూ, టమాటాలూ, నెడీన్ కంటి ఆపరేషనూ జరిగాయి. వాటి గురించి రాశాను, దీని గురించి రాయలేకపోయాను. నువ్వూ గుర్తుచేయలేదు. మంచివాడివి.

నువ్వడిగావు, ఏమైనా అనిపించిందా అని. లేదు. చలేసింది. అది నవంబరు. నా పక్క బెంచీ మీద బన్నుల గుడ్డ ఉంది, అది కదల్లేదు. వాడు నా దగ్గరికే వచ్చి ఉంటే, ఇన్నేళ్ళు కాచుకున్నదాన్ని, ఏమీ తెలియకుండా కూర్చున్నాను. ఈ మాట రాయడానికే పది నెలలు పట్టింది.

మొన్న కొత్త లీగులో మొదటి ఆట జరిగింది. సముద్రం ఒడ్డునుంచి ఎవరో వచ్చారు. నారింజరంగు బట్టలు. జనం విరగబడ్డారు. ఊళ్ళో హోటళ్ళన్నీ నిండాయి, గ్యారీ మాంసం అయిపోయి మధ్యాహ్నానికే కొట్టు మూశాడు. నువ్వు చెప్పింది నిజమే, ఊరు బతికింది. నేను కూడా వెళ్ళాను. పాత చోటే కూర్చున్నాను. మైదానం శుభ్రంగా, ఖాళీగా అనిపించింది. అది ఎప్పుడూ నాకు ఖాళీగానే కనిపించేది కదా, తేడా ఏమిటో చెప్పలేను. కానీ ఉంది. అంతకుముందు ఖాళీలో వాడుండేవాడు.

ఎమెట్ వాళ్ళ ఊళ్ళో లౌడన్ జట్టు ఆడిన ఆటకి వెళ్ళొచ్చి నాకు రాశారు. అక్కడ ఎప్పుడూ ఏమీ లేదు, ఇప్పుడూ లేదు. కార్వెల్ మైదానం బయటినుంచి కారులో వెళుతూ కంచెలోంచి చూశారట, అక్కడా లేడు. ఒకణ్ణి చూస్తూ నా బతుకంతా గడిచింది, ఇప్పుడు ఎటు చూడాలో తెలియడం లేదు అని రాశారు. వాడు మెట్లెక్కి ఎటు వెళ్ళాడని నేను అడిగాను. చెప్పలేనన్నారు. కళ్ళు మూసుకోకుండా ఉండాల్సిందన్నారు.

అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. మైదానంలో ఉన్నంతకాలం వాడెక్కడున్నాడో చెప్పేవాళ్ళు ఒకరుండేవారు. బయటికొచ్చాడు, మంచిదే. ఇప్పుడెక్కడున్నాడో చెప్పేవాళ్ళు లేరు. వాడికి ఊరంతా మారిపోయి ఉంటుంది. మనిల్లు పడగొట్టి బ్యాంకు కట్టారు. నేను ఈ వీధిలోకి మారినట్టు వాడికి తెలియదు కదా.

ఆట లేకపోయినా రమ్మని ఎమెట్‌ని పిలిచాను. సాకు లేకుండా రమ్మనడం ఇదే మొదటిసారి. నిన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, మొక్కజొన్న కంకులు పట్టుకుని. బీన్సు వేసిన మాంసం పులుసూ, దాల్చినచెక్క రొట్టే చేశాను. ముందుగదిలో కూర్చున్నంతసేపూ వానల గురించే మాట్లాడుకున్నాం. ఆట చూస్తూ మాట్లాడడం అలవాటైపోయింది, ఎదురెదురుగా ఎప్పుడూ కూర్చోలేదు.

తర్వాత భోజనానికి లేవమన్నాను. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయారు. నా బల్లకి నాలుగు కుర్చీలున్నాయి. ఎక్కడైనా కూర్చోండి అన్నాను.

ఆయన వెంటనే కూర్చోలేదు. కుర్చీలని ఒక్కొక్కటీ చూశారు, తొందర లేకుండా. కిటికీ పక్కన ఉన్నది అన్నిటికంటే దగ్గరగా ఉంది, ఎవరైనా అందులోనే కూర్చుంటారు. ఆయన దాన్ని తగలకుండా ఒంటిని పక్కకి తిప్పుకుని చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఎక్కడున్నాడని నేను అడగలేదు. పులుసు వడ్డించాను.

నువ్వెప్పుడొస్తావు?

అక్క